అద్దాల్లేని ఫ్రేము

సారపాకలో మా అక్క పెళ్లినాడు మేనత్త నా కళ్ళద్దాలు లాగేసుకుంది.

"సీరియల్ల ఆ పిల్ల అద్దాలు తీసేస్తే ఎంత ముద్దుగున్నది! నువ్వు గూడ గట్లనే కనవడాలె," అంది.

ఆ సీరియల్ నేనూ చూశాను. ఆమె ఫ్రేములో అసలు అద్దాలే లేవు. అది తీసేశాక కూడా మెట్లు చకచకా దిగింది. నాకు మాత్రం పందిట్లో ఎదురుగా ఉన్న మనుషులే మసకగా కనిపించారు. వేడి పప్పుచారు బకెట్ మోస్తూ గడప తట్టుకుని పడ్డాను. పాదం బొబ్బలెక్కింది.

"కండ్లు కనవడ్తలేవా?" అని మళ్ళీ అత్తే అరిచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కనవడ్తలేవు! నా కండ్లు నీ సంచిల ఉన్నయ్, ఇటియ్యి!" అని పందిరంతా వినబడేలా అరిచాను.

ఇచ్చింది. పాదానికి తడిగుడ్డ చుట్టుకుని, కళ్ళద్దాలతోనే అక్క పక్కన ఫోటో దిగాను. ఫోటోగ్రాఫర్ నవ్వమన్నాడు. నేను నవ్వలేదు.