అందరికీ ఒకటే సోల

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా అవ్వ, అంటే మా అమ్మ, సిద్దిపేటలో సేటు మండీకి కూలికి పోయేది. ఆముదాలను చేటతో చెరిగి మట్టి, పొట్టు తీసే పని. ఆ ఆముదాలు బొంబాయి పోయి, అక్కడ ఓడలెక్కి దొరల దేశం చేరేవి. ఇంజన్లకు పోసే మన ఆముదంతోనే విమానాలు ఎగురుతున్నాయని గుమాస్తా గొప్పలు పోయేవాడు, తానే ఎగరేస్తున్నట్టు.

విమానాల సంగతేమో గానీ, కూలి జొన్నలు కొలిచే సోల మాత్రం లోపల అడుగు పైకి లేచి ఉండేది. రైతుల దగ్గర కొనడానికి లోతు సోల, ఆడవాళ్లకు ఇవ్వడానికి ఈ లోతు తక్కువ సోల. అందరికీ తెలిసినా ఎవరూ నోరెత్తలేదు.

ఒక ఆదివారం మా కిరస్తానం గుడిలో ఫాదర్, కూలి తగ్గించి ఇవ్వడం పాపమని, రోమ్‌లోని పోపుగారే ఆ మాట రాశారని చెప్పాడు. అందరూ ఆమెన్ అని ఇంటికి పోయారు. మా అవ్వ పట్టిందంటే వదిలే మనిషి కాదు. మర్నాడే అడిగింది.

"కొనేటి సోలతోనే మా కూలి గూడ కొలిపియ్యున్రి, సేటు. గంతే."

"ఇష్టముంటె చెయ్యున్రి, లేకుంటె పోన్రి" అన్నాడు సేటు.

ఆడవాళ్లంతా చేటలు చంకన పెట్టుకుని బయటకు వచ్చేశారు. నాయిన పోయాక మా పొయ్యి వెలిగేది ఆ జొన్నలతోనే.

మా కిరస్తానం ఇళ్లలో వంటకు ముందు పిడికెడు గింజలు తీసి గుడికి ఇచ్చేవాళ్లు. గుడి పైకప్పు కోసం అవి పోగవుతున్నాయి. అవ్వ నేరుగా ఫాదర్ దగ్గరకు పోయింది.

"పాపమని మీరే చెప్తిరి. గిప్పుడు గా గింజలు మాకియ్యున్రి."

ఫాదర్ కారే కప్పు వైపు ఒకసారి చూసి, గింజల కొట్టు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆ గింజలు మండీ ఆడవాళ్లందరూ పంచుకున్నారు, హిందువులు, తురకలు, మేమూ.

బొంబాయికి సరుకు పంపాల్సిన వేళ దగ్గరపడింది. చెరగని ఆముదాలు గుట్టగా పడి ఉన్నాయి. సేటు మా ఇంటికి గుమాస్తాను పంపాడు. ఫాదర్ మొహం చూసి కిరస్తానం ఆడవాళ్లకు మాత్రం లోతు సోల ఇస్తాడట. అప్పటికి మా కుండ అడుగంటింది. ఆమె ఊ అంటుందేమోనని తమ్ముడూ నేనూ ఆశగా చూశాం.

"పొద్దంత పక్కపక్కన కూసొని చెరిగినం. దుమ్ము అందరి ముక్కులల్ల ఒక్కతీరుగనే వోయింది. కూలి రెండు తీర్లు ఎట్లయితది? అందరికిస్తనంటెనే వస్తమని చెప్పు" అంది అవ్వ.

మర్నాడు సేటు ఒప్పుకున్నాడు. సాయంత్రం కొలిచేటప్పుడు అవ్వ అందరినీ ముందు పంపి, తాను చివర నిలబడింది. కొంగు నిండా జొన్నలతో ఆమె మండీ దాటుతుంటే, నేను ఆమె బిడ్డనని దారిన పోయేవాళ్లకు చెప్పాలనిపించింది. ఇప్పటికీ నాకు ఆ గర్వం తగ్గలేదు.

ఇంటికొచ్చి రొట్టెలు చేసి, మాకు పెట్టి, తనకూ ఒకటి వేసుకుంది. నాయిన పోయినప్పటి నుంచి 'మీరు తినున్రి, నేను తర్వాత తింట' అనే అవ్వ, మాతో కూర్చుని తినడం నేను చూసింది అదే మొదటిసారి.