పోయొస్తా అన్న గేటు దాకా

నన్ను పెంచినమ్మ కాలం చేశాక ఆమె బీరువాలో కోవిల్‌పట్టి పిల్లల సంస్థ చిరునామా, నా దత్తత కాగితం దొరికాయి. నాలుగేళ్ళప్పుడు నన్ను అక్కడినుంచే తెచ్చుకున్నారు. కన్నతల్లి గురించి నాకు గుర్తున్నది ఒక గేటు, ఒక మాట. "పోయొస్తా" అంది. వచ్చిందో లేదో తెలుసుకుందామని గుంటూరులో ఇంటికి తాళం వేశాను. ఎక్కడికని అడిగేవాళ్ళు లేరు.

మదురై నుంచి పాసింజర్లో విరుదునగర్ చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడి మార్కెట్ మిరపకాయల ఘాటుకు తుమ్ముతూనే ఇడ్లీ తిని, తొమ్మిదింటి కోవిల్‌పట్టి బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన తమిళంలో పలకరించి, నేను నోరు వెళ్ళబెట్టడం చూసి నవ్వాడు. "తెలుంగోళ్ళా? మా ఇంట్లోనూ అదే. వాకిలి దాటితే తమిళ్" అన్నాడు. సాత్తూరులో ఆయన దిగిపోయాక మళ్ళీ ఒక్కణ్ణే.

పదిన్నరకు సంస్థ చేరాను. పాత మగ్గాల షెడ్డులో చీరల ఉయ్యాలలు, వాటిలో నిద్రపోయే పిల్లలు. ఎవరైనా వెళ్తే చెప్పులు బయటే విడిచి, మెల్లగా మాట్లాడండి.

ఎనభై దాటిన మంగమ్మగారు పెద్ద దిక్కు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళ బిడ్డల కోసం ఆమె అత్తగారు మొదట ఇక్కడ ఉయ్యాల కట్టారట. తల్లులు తీసుకుపోని పిల్లలను దత్తతకు ఇచ్చేవారట.

"ఇప్పుడు?" అన్నాను.

"ఎవురికీ ఇచ్చేది లేదు. బిడ్డ సాయంత్రం ఇంటికి పోవాల. ఇంట్లో బియ్యం లేకుంటే బియ్యం ఇస్తాం, తండ్రికి పని లేకుంటే పని సూస్తాం."

ఎందుకు మార్చారని అడిగి, నా కాగితం చేతికిచ్చాను. ఆమె చాలాసేపు చదివింది.

"నీవల్లే సామీ" అంది. "పోయేవాళ్ళందురూ పోయొస్తా అనే అంటారు. అది వట్టి మాటే అనుకొంటిమి. ఏడాది సూసి ఇచ్చేస్తిమి. నెల కూడా కాలే, మీయమ్మ వచ్చె. ఆ పొద్దే మాయత్త దత్తతలు నిలిపేసె."

అరుగు మీద కూర్చున్నాను.

"నన్నెక్కడికి ఇచ్చారో చెప్పలేదా?"

"సెప్పకూడదని కట్టుబాటు. ఏటికొకసారి వచ్చి, నీ సేయి ఇంతే ఉండె అని నీ పగిలిన గాజుముక్క ఒకటి సూపించి పోయేది. ఆరేండ్లుగా రాలే. యాడుందో తెలీదు."

గేటు దగ్గర "వెళ్తానండీ" అన్నాను.

"అట్ల అనకూడదు" అంది మంగమ్మగారు. "పోయొస్తా అను."

అన్నాను. ఆ మాట మాత్రం ఈ ఊరి యాసలోనే వచ్చింది.

సాయంత్రం విరుదునగర్‌లో నూనె పరోటా కొని, సగం వదిలేసి మదురై రైలెక్కాను. ఇన్నేళ్ళూ అమ్మ రాలేదని కోపం పెట్టుకుని బతికాను. ఆమె అన్నమాట ప్రకారమే వచ్చింది. ఆ గేటు దగ్గర లేనిది నేను.