కొమురయ్య మేస్త్రి గోడ

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఎవరింట్లో ఏం కూర వండారో సాయంత్రానికల్లా నాలుగు వీధులకు చేరవేసే రకాన్ని. అలాంటిదాన్ని పదేళ్లుగా ఒక సంగతి దాచాను. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా దాన్ని పక్కకు తోసి మిగతావన్నీ చెప్పుకున్నాను. గోడల బరువు, కప్పుల బరువు లెక్కగట్టడమే నా పని. దీని బరువు మాత్రం ఎంతో చెప్పలేను, మోసీ మోసీ అలసిపోయానని తప్ప. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. మధ్యలో ఆగిపోతే కాస్త ఓపిక పట్టండి.

నేను ఆర్కిటెక్టును. డెబ్బైల చివర్లో హైదరాబాదులో చదువు ముగించుకుని వరంగల్ తిరిగొచ్చేసరికి మా మట్టెవాడలో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లు లేరు. 'ఇండ్ల బొమ్మలు గీసే పిల్ల' అనేవాళ్లు. మా బట్టల కొట్టుకు వచ్చినవాళ్లతో నాన్న 'ఇంజనీరు లాంటిదే' అని సర్దిచెప్పేవాడు. హన్మకొండలో ఒక పెద్ద సారు దగ్గర కుదిరాను. నాకు దొరికిన మొదటి పెద్ద పని కట్టేది కాదు, చూసేది.

ఊళ్లో వ్యాపారస్తులు కలిసి నడిపే ఆడపిల్లల బడి ఒకటుంది, దానికో హాస్టలు. ఆవరణలో ఏడు కట్టడాలు. ఏది ఇంకా ఇరవై ఏళ్లు నిలుస్తుంది, దేనికి మరమ్మతు చాలు, దేన్ని తీసేసి కొత్తది కట్టాలి అని కమిటీవాళ్లు అడిగారు. ఒక్కో కట్టడానికి ఒక్కో కాగితం. కప్పు, గోడలు, నేల, తలుపులు, వాననీరు పోయే దారి అన్నీ చూసి రాసి, చివరన మూడు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. ఉంచాలి, బాగుచేయాలి, తీసేయాలి. బడి రాబోయే ఇరవై ఏళ్ల ప్లానంతా ఆ టిక్కుల మీదే నడుస్తుంది.

చూడటం నాకు నేర్పింది కొమురయ్య తాత. మేస్త్రి. అరవై దాటిన మనిషి, తలకు తెల్ల రుమాలు చుట్టి, తాపీ నడుముకు దోపుకుని వచ్చేవాడు. ఆ బడిలో పిల్లలు అన్నం తినే పొడుగు హాలును నిజాం కాలంలో, వయసులో ఉండగా, తండ్రితో కలిసి కట్టింది ఆయనే. రెండడుగుల మందం గోడలు. గానుగాడిన సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి కట్టినవి. అప్పటి నుంచీ ఆ ఆవరణలో ఏ మరమ్మతుకైనా ఆయనే. 'ఈ అమ్మాయికి అన్నీ చూపించు' అని కమిటీవాళ్లు అంటే నన్ను ఎగాదిగా చూసి, "నిచ్చెన ఎక్కుతవా బిడ్డా, ఎవరన్న ఎత్తుకోవాల్నా?" అన్నాడు. ఎక్కి చూపించాను. ఆ రోజు నుంచి నేను ఆయన బిడ్డనే.

నేను టేపు తీస్తే ఆయన వేళ్ల కణుపులతో గోడను తట్టేవాడు. "గోడ మాట్లాడతాంది, జర ఆగి ఇను" అనేవాడు. నిండు చప్పుడుకూ బోలు చప్పుడుకూ తేడా వారం రోజుల్లో నా చెవికి పట్టింది. చెమ్మ చూడటానికి నేను అరచేయి పెడితే, "అరచెయ్యి పనిజేసి పనిజేసి మొద్దువారుతది. చెయ్యి ఎనుకదిక్కు పెట్టు, గది అబద్ధం చెప్పది" అని నా చేయి తిప్పి పెట్టాడు. తలుపు నేలకు రాసుకుంటోందంటే వెంటనే చిత్రిక పట్టించకు, ముందు గోడ కూర్చుంటోందేమో చూడు అనేవాడు. మధ్యాహ్నం మూట విప్పి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం సగం నాకు పెట్టి, "షావుకారి బిడ్డవు, తట్టుకుంటవా?" అని నవ్వేవాడు. నాకు కళ్లవెంట నీళ్లు కారేవి, అయినా రేపు కూడా తెమ్మనేదాన్ని. అయిదేళ్ల చదువు ఒక ఎత్తు, ఆయనతో తిరిగిన ఆ నెలలు ఒక ఎత్తు.

పొడుగు హాలు పడమటి మూలన గోడలో ఒక పగులు ఉంది, కిటికీ పక్క నుంచి కప్పు దాకా. పాతది. "కట్టిన మొదటి వానలకే వచ్చింది బిడ్డా. అప్పటిసంది నిద్రపోతాంది" అన్నాడు తాత. మా ఆఫీసు పద్ధతి వేరు. పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక పెట్టి, రెండు కొసలూ ప్లాస్టరుతో అతికించి, పక్కన తేదీ రాయాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కుమంటుంది. వానలకు ముందు పెట్టి, వానలూ చలీ దాటాక చూసి తేల్చాలి. కిందా మధ్యా పైనా మూడు పలకలు పెట్టాను. "గోడకు అద్దం పెడ్తానవా? మొఖం సూసుకుంటదా ఏంది?" అని తాత ఆటపట్టించాడు. ఆటపట్టించాడే గానీ నెలనెలా నాతో వచ్చి చూసేవాడు. శ్రావణం పోయింది, దసరా పోయింది. మూడూ చెక్కుచెదరలేదు. "నేన్జెప్పలే?" అని రుమాలు సర్దుకునేవాడు.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది.

హాలు ఆవరణలో మంచి చోటున ఉంది. అది ఉన్నంతకాలం కొత్తదానికి జాగా లేదు. ఒకరోజు పెద్ద సారు మాటల్లో, "ఆ హాలు తీసేయాల్సి వస్తే కొత్తది నువ్వే గీయమ్మా" అన్నారు. అంతే. ఆ వారమే గీయడం మొదలుపెట్టాను. చూడటం ముగియకముందు గీయకూడదు. ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్లకు ఇది గట్టిగా చెబుతాను. గీశామంటే ఇక ఎదురుగా ఉన్న కట్టడం కనపడదు, మన బొమ్మే కనపడుతుంది. చలికాలం వచ్చేసరికి ఆ పాత గోడలు నాకు అడ్డుగా తోచడం మొదలైంది.

పిల్లల కోసమే చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. హాలు కప్పు కారేది. పిల్లలు రెండు బంతులుగా తినాల్సి వచ్చేది. ఇవన్నీ నిజాలే, నిజాలు కాబట్టే నాకు ధైర్యం వచ్చింది. కానీ రెండు దూలాలు మార్చి, కప్పు మళ్లీ పరిచి, పక్కకు ఒక వరండా పొడిగిస్తే సరిపోతుందని తాత అప్పటికే చెప్పాడు. 'బాగుచేయాలి' గడిలో టిక్కు పడాల్సిన కట్టడం అది. నాకు తెలుసు. పిల్లల కోసమే అయితే ఆ మరమ్మతు ఒక్క వేసవిలో అయిపోయేది కదా? కొత్త హాలుకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ వాళ్లు చెట్ల కింద, వరండాల్లో కూర్చుని తిన్నారు.

మాఘమాసం వచ్చింది. ఆ ఏడు మేడారం జాతర. ఊరికి ఊరే కదిలిపోయింది. హాస్టలుకు సెలవులిచ్చారు. తాత కూడా బండి కట్టుకుని ఇంటిల్లిపాదితో వెళ్లాడు. గాజుపలకలు చివరిసారి చూడాల్సింది ఆ వారమే. ఒక్కదాన్నే వెళ్లాను. పట్టపగలు. మూడూ బాగానే ఉన్నాయి. నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత స్క్రూడ్రైవరు పిడితో తట్టాను. ఒకటే విరిగితే ఎండకు విరిగిందంటారు. మూడూ విరిగితే అనుమానపడతారు. గోడ ఒక మూలకు కుంగితే పగులు పైకి పోయేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుందని చదువుకున్నాను గనక పైవి రెండు విరగ్గొట్టి కిందది వదిలేశాను. ఎంత తెలివో చూడండి! చదివిన చదువంతా మొదటిసారి అక్కరకొచ్చింది ఆ పనికే.

మరునాడు పెద్ద సారు వచ్చారు. "ఎప్పుడు చూశావమ్మా?" అని మామూలుగా అడిగితే గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకున్నాను. ఆయన గమనించలేదు. నా మీద నమ్మకం ఆయనకు. 'తీసేయాలి' గడిలో టిక్కు పడింది.

తాత జాతర నుంచి దిగీ దిగగానే బడికి వచ్చాడు. నుదుట పసుపు, కళ్లనిండా నిద్ర, కండువా కొంగున ముడివేసిన బెల్లం. మేడారంలో దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు.

"కండ్లకద్దుకో బిడ్డా. నీ చేతికి నీదంటూ ఒక పని రావాలని అమ్మలకు మొక్కిన."

కళ్లకద్దుకున్నాను. నోట్లో వేసుకున్నాను కూడా.

"అద్దాలు సూసినవా?"

"చూసిన తాతా."

"మంచిగున్నయా?"

"పైవి రెండు పగిలినయి."

నవ్వాడు. "మజాక్ చేస్తానవా?"

"లేదు తాతా."

"నా గోడ కదిలిందా?"

"కదిలింది."

ఆయన హాల్లోకి వెళ్లి గోడ ముందు నిలబడ్డాడు. విరిగిన పలకలను కింది నుంచే చూశాడు. గోడను తట్టలేదు. తట్టి వింటే తెలిసిపోతుందేమోనని నేను వెనక నిలబడి ఆయన వేళ్లనే చూస్తున్నాను. ఇన్నేళ్లూ గోడ మాట విన్న మనిషి ఆ ఒక్కరోజు నా మాట విన్నాడు.

వంగి మూలన నేలను చూపించాడు. "పునాది తవ్వంగ గీ మూలకు నీళ్లూరినయి బిడ్డా. ఇంకొక మూరెడు తవ్వుమన్నడు మా అయ్య. సాలు తియ్యి అన్న నేను. వయసు పొగరు. గదే అయ్యుంటది." నావైపు తిరిగి, "నువ్వెందుకు ఏడుస్తానవ్? ఫికర్ జెయ్యకు. నువ్వు మంచిగ సూసినవ్. లేకుంటే పొల్లల మీద పడేటిది" అన్నాడు.

నా అబద్ధానికి ఆయన తన పాత జ్ఞాపకాల్లో కారణం వెతికి తెచ్చాడు, పైగా నన్నే ఓదార్చాడు. అప్పుడే చెప్పేయాల్సింది కదా అంటారు మీరు. నేనూ అదే అంటున్నాను, పదేళ్లుగా.

ఎండాకాలంలో హాలు పడగొట్టారు. పడగొట్టారని రాయడం తేలిక. గడ్డపార వేస్తే ఎగిరి పడేది. మూడు రోజులనుకున్న పని మూడు వారాలు నడిచింది. 'ఎవడు కట్టిండో గానీ' అని కూలీలు తిట్టుకుంటూనే మెచ్చుకున్నారు. చివరికి ఆ పడమటి మూలన పునాది బయటపడింది. టేపు దించాను. మిగతా మూడు మూలల కంటే అక్కడే మూరెడు పైగా లోతు. గట్టి మొరం నేల తగిలేదాకా పోయింది. వాళ్ల అయ్య కొడుక్కు చెప్పకుండా తవ్వించాడో, ఈయనే తవ్వి మరిచిపోయాడో! ఆ కొలత నేను ఎక్కడా రాసుకోలేదు. తాత ఇల్లు అక్కడికి పావుగంట నడక. వెళ్లలేదు. వారం తిరక్కుండా ఆ గోతిలో నా కాంక్రీటు పడింది.

కొత్త హాలు మంచిదే. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, పిల్లలందరూ ఒకే బంతిలో కూర్చుంటారు. చెడ్డదైనా బాగుండేది, శిక్ష పడిందిలే అనుకునేదాన్ని. దాని పనికి రమ్మని ఎంత బతిమాలినా తాత రాలేదు. ప్రారంభం రోజు మాత్రం ఉతికిన రుమాలు చుట్టుకుని వచ్చి, చేయి వెనకవైపు నా గోడకు ఆనించి, "సల్లగున్నది బిడ్డా. మంచిగ కట్టినవ్" అన్నాడు. ఆ తర్వాత ఎవరి పనికీ పోలేదు. తాపీ కొడుక్కు ఇచ్చేసి, మరిపెడ దగ్గర కూతురి ఊరికి వెళ్లిపోయాడు.

ఒకసారి చెప్పేద్దామనే బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తాత చిక్కిపోయాడు. నన్ను చూడగానే మంచం మీంచి లేచి, చుట్టుపక్కల వాళ్లందరినీ కేకేశాడు. "గీ బిడ్డనే నేన్జెప్పింది. నా గోడల తప్పు పట్టింది. పెద్ద పెద్ద ఇంజనీర్లకు దొరకలే, గీమెకు దొరికింది. ఎవడు నేర్పిండు? నేనే!" అని మురిసిపోయాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, చాయ్ తాగి, తిరుగు బస్సులో వచ్చేశాను. ఆయన ప్రేమే నా నోరు కట్టేసిందని కొన్నాళ్లు అనుకున్నాను. ఛీ, ప్రేమ కాదు, భయం. ఆ మనిషి కళ్లలో దిగజారిపోతానన్న భయం. మరుసటి ఏడు ఆయన పోయాడు. సొంత తాత పోయినట్టు ఏడ్చాను. ఆ ఏడుపులో దొంగతనం లేదు, ఆ ఒక్కటీ నమ్మండి.

ఇంకా దాచడం నావల్ల కాకపోవడానికి కారణం ఆయన కొడుకు సమ్మయ్య. ఆయనా మేస్త్రే. మొన్న నేను కట్టిస్తున్న చిన్న దవాఖానకు పునాది పని ఆయనకే ఇచ్చాను. ప్లానులో రాసిన లోతు వచ్చాక కూడా కూలీలను ఆపలేదు. "సమ్మన్నా, చాలు గదనే" అన్నాను.

"ఇంకొక మూరెడు పోనీ అమ్మా. మా నాయిన పొయ్యేటప్పుడు గదే చెప్పిండు. పునాదిల ఎనుకముందు సూడకురా, నా లెక్క ఇజ్జత్ తీస్కోకు అన్నడు. నా కొడుకులకు గూడ గదే చెప్తాన."

కోపంగా అనలేదు. తండ్రి చేసిన తప్పును తన రెక్కలతో దిద్దుకుంటున్నవాడిలా మెత్తగా అన్నాడు. ఆ గోతి పక్కన నిలబడి నేనేమన్నానో తెలుసా? "సరే, తవ్వించు" అన్నాను.

సమ్మయ్యకు చెబుతానా? తెలియదు. చెబుతానని రాస్తే మీ దగ్గర మంచిదాన్నవుతాను, అందుకే రాయను. క్షమించాల్సిన మనిషి లేడు. ఆయన తరఫున మీరు క్షమించడం కుదరదు. కొమురయ్య తాత పునాది వేలెడు కూడా తక్కువ కాదు. ఆయన గోడ కదలలేదు. ఆ అద్దాలు పగలగొట్టింది నేను.

రాసేశాను. హమ్మయ్య అనుకునే హక్కు నాకు లేదు. అయినా ఆ మాటే వచ్చింది.