టీచరమ్మ పిట్టలకు నేను పెట్టిన ఆపిల్

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదీ లేదని నా గట్టి నమ్మకం. మొదటి ఉద్యోగం, మొదటి జీతం, సత్తుపల్లిలో మేడమీద కిరాయికి ఒక గది. ఈ మూడూ ఒకే నెలలో దొరికిన ఇరవై మూడేళ్ల కుర్రాడు లోకానికి సలహాలు చెప్పకుండా ఉండటం కష్టం. కింది వాటాలో ఇంటి యజమానురాలు ఒక్కరే ఉండేవారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన ఆవిడను వీధంతా టీచరమ్మ అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ రెండు బడ్జీ పిట్టలను పెంచేవారు (మా వైపు వీటిని అందరూ లవ్ బర్డ్స్ అంటారు, ఆ రెండూ మాత్రం పొద్దస్తమానం కొట్లాడుకునేవి). ఆకుపచ్చదాని పేరు ఒకటి, నీలందాని పేరు సున్నా.

ఒక ఎండాకాలం ఆవిడ చెల్లెలికి కంటి ఆపరేషన్ అయ్యి, ఐదు రోజులు భద్రాచలంలో ఉండాల్సి వచ్చింది. పంజరం నా గదికి చేరింది. "కొర్రలు పొయ్యి, నీళ్లు మార్చు. గంతే. నీ తెలివి వాడకు," అని చెప్పి బస్సెక్కారు. మొదటిరోజు నా తెలివి వాడలేదు. రెండోరోజు పొద్దున ఆపిల్ తింటూ ఉంటే పంజరంలోంచి రెండు జతల కళ్లు నన్నే చూస్తున్నాయనిపించింది. ఇంత ఎండలో పాపం ఎండు గింజలేనా అని జాలి ముంచుకొచ్చి, సగం ఆపిల్ ఉన్నదున్నట్టుగా లోపల పెట్టాను. అది చాలదన్నట్టు రెండు పుచ్చకాయ ముక్కలు కూడా పెట్టి, ఎంతో పుణ్యం చేసినవాడిలా ఆఫీసుకు వెళ్లాను.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ ఈ సంగతి మా సెక్షన్‌లో సీనియర్ అక్కకు గొప్పగా చెప్పాను. ఆమె తాపీగా, "ఆపిల్ గింజలు తీసే పెట్టినవా?" అని అడిగింది. ఆ గింజల్లో విషం ఉంటుందట, పిట్టలకు పెట్టకూడదట, ఆమె ఫోనులో చదివిందట. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంట్లో వాళ్లకు ఆరోగ్యం బాగాలేదని రాసిచ్చి సగంరోజు సెలవు పెట్టాను. (అబద్ధమేమీ కాదు, ఆ పిట్టలున్నది నా ఇంట్లోనే కదా.)

వచ్చి చూస్తే పిట్టల ముక్కుల నిండా పుచ్చకాయ రసం. కింద పరిచిన కాగితం తడిసి ముద్దయ్యింది, రెట్టలు నీళ్లలా పడుతున్నాయి. పంజరం ఎత్తుకుని ఆటోలో పశువుల దవాఖానాకు పరుగెత్తాను. నాకంటే ముందు రెండు బర్రెలు, ఒక మేక వరుసలో ఉన్నాయి. నా వంతు వచ్చేసరికి నేను వాటన్నిటికంటే నీరసంగా ఉన్నాను. డాక్టరుగారు పంజరంలోకి తొంగిచూసి, నీళ్లుండే పండు అంత పెడితే నీళ్లే పడతాయని, దానికి భయం లేదని చెప్పారు. పండు పెట్టదలిస్తే బాగా కడిగి, గింజలు తీసేసి, గోరంత ముక్క, అదీ వారానికి రెండుమూడుసార్లు చాలట. రెండు గంటల్లో మిగిలింది తీసేయాలట, ఎండకు పాడవుతుంది కాబట్టి. బటర్ ఫ్రూట్ (అవకాడో) మాత్రం అసలే పెట్టొద్దట. "ఆపిల్ గింజలు తిన్నయా మరి?" అని అడిగితే నేను తెల్వదన్నాను. ఈకలు పొంగించుకుని ఒక మూల ముడుచుకుంటే జల్దీ తీసుకురమ్మని పంపించేశారు.

ఇంటికొచ్చి పంజరం అడుగునా, ఆపిల్ ముక్కలోనూ వెతికితే ఆరు గింజలు దొరికాయి. అసలు ఎన్ని ఉండేవో తెలిస్తే తిన్నవెన్నో తేలుతుంది కదా. నేను తిన్న సగంలోని గింజలను కిటికీలోంచి ఎటు ఊశానో గుర్తులేదు. అందుకని ఆ ఆపిల్ కొన్న పండ్ల బండి దగ్గరే మూడు ఆపిల్స్ కొనితెచ్చి కోశాను. ఒకదాంట్లో ఐదు, ఒకదాంట్లో ఎనిమిది, మూడోదాంట్లో పది. మళ్లీ కొనడానికి వెళితే బండాయన, ఎవరికి బాగాలేదని పరామర్శించాడు.

ఇక లాభం లేదని టీచరమ్మకు ఫోన్ చేశాను. గది ఖాళీ చేయమన్నా సరేననుకుని, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"గింజలెన్ని దొరికినయ్?"

"ఆరు, టీచరమ్మా. మొత్తం ఎన్నో తెల్వది."

"మొత్తం తెల్వకుండ తీసివేత ఎట్ల చేస్తవ్ బిడ్డా? గింజల్ని ఇడిసిపెట్టి పిట్టల్ని చూడు."

పంజరం ముందు కూర్చున్నాను. ఫ్యాన్ చప్పుడుకు ఏ పిట్ట అదిరినా వణుకుతోందేమో అనుకున్నాను, కళ్లు మూస్తే పోయిందేమో అనుకున్నాను. ఎండ తగ్గాక సున్నా కిందికి దిగి నాలుగు కొర్రలు తిని, పక్కకొచ్చిన ఆకుపచ్చ ‘ఒకటి’ తోకను పట్టి లాగింది. రెండూ గది అదిరేలా కొట్లాడుకున్నాయి. అంత చక్కటి గోల నేను అంతకుముందు వినలేదు.

ఐదోరోజు టీచరమ్మ వచ్చి, రెండు పిట్టలనూ చేతిలోకి తీసుకుని చూసుకున్నారు. ఒక ఆపిల్ కడిగి, గింజలు ఏరి అవతల పెట్టి, రెండు గోరంత ముక్కలు వాటికీ, మిగిలిందంతా నాకూ ఇచ్చారు. అప్పటికే మూడు రోజులుగా ఆపిల్సే తింటున్న సంగతి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఖమ్మంలో మా ఇంట్లోనూ బడ్జీలున్నాయి. ఆదివారం వాటికి పండు కోసేటప్పుడు నా చేయి ఎక్కడా తడబడదు, ఏది ఎంత పెట్టాలో బాగా తెలుసు. పెట్టేసి ఫోను చూసుకుంటాను. అప్పుడప్పుడు మాత్రం, ఏమీ తెలియక పిడికెడు ప్రాణాల ముందు రెండు గంటలు కదలకుండా కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. అంత శ్రద్ధగా నేను ఆ తర్వాత ఎవరినీ చూడలేదేమో.