రత్నం కార్డుల్లో పదో వంతు

హృదయాలను ఎరిగిన దేవునికి స్తోత్రం. మరుగైనదేదీ లేని ఆయన సన్నిధిలో ఇన్నేళ్లూ ఒక మాట దాచుకుని బతికాను. ప్రార్థనకు మోకరించిన ప్రతిసారీ ఆ బరువు నాకంటే ముందే మోకరిస్తుంది.

రత్నం నా స్నేహితుడు. చోడవరంలో ఒకే సండేస్కూలు, ఒకే బెంచీ. డెబ్భైలలో ఇద్దరం విశాఖపట్నంలో కంప్యూటర్ శిక్షణలో చేరాం. చివరికి ఒక్క ఉద్యోగమే ఉందన్నారు. రత్నం మా పాస్టరుగారి చేత శిక్షణ ఇచ్చే సారుకు సిఫారసు చెప్పించాడని అప్పుడే విన్నాను. నాతో మాటైనా అనలేదు. బెంచీ పంచుకున్నవాడే నన్ను దాటి పోతున్నాడా? లోపల ఏదో తెగింది.

పరీక్ష చిన్నదే. సున్నాకు పదో వంతు చొప్పున కూడుతూ పోయి, మొత్తం ఒకటి కాగానే యంత్రం ఆగాలి. యంత్రానికి చెప్పే ఆదేశాలను చిల్లులుగా పొడిచిన తన కార్డుల కట్టను రత్నం నా చేతిలో పెట్టాడు.

"ఒరే, ఓపాలి సూడరా. తప్పేటైనా ఉందేటి?"

చూశాను. ఉంది. యంత్రం ఏ అంకెనైనా ఒకట్లు, సున్నాలతోనే రాసుకుంటుంది. అర, పావు, వీసం అందులో సరిగ్గా ఇముడుతాయి. పదో వంతు ఇమడదు. మనం మూడో వంతును దశాంశాల్లో రాయబోతే మూళ్లు తెగనట్టే, అక్కడ దాని వరుస తెగదు; చోటున్నంత ఉంచుకుని యంత్రం మిగతాది కోసేస్తుంది. అలా కూడితే మొత్తం ఒకటికి వెంట్రుకవాసి పక్కనుంచి పోతుంది. సరిగ్గా ఒకటి కోసమే కాచుకున్న యంత్రం ఇక ఆగదు. అది తెలిసే నేను నా కార్డుల్లో ఎన్నిసార్లు కూడిందో నిండు అంకెల్లో లెక్కపెట్టించి, పది కాగానే ఆగమన్నాను.

"ఏటీ నేదురా. ఇచ్చీ."

"నువ్వు సూసేవంటే సాలు. నాకింక బెంగ నేదు."

రత్నం కార్డులకు యంత్రం ఆగలేదు. అచ్చు కాగితం మడతలు మడతలుగా నేల మీదికి జారుతూనే ఉంది.

"బ్రేకుల్లేని బస్సెక్కించేవేటి బాబూ!" అన్నారు సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా కార్డులకు యంత్రం వెంటనే ఆగడం రత్నం చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

ఉద్యోగం నాకొచ్చింది. వాడు బుచ్చయ్యపేట వైపు చెరుకు పనులకు వెళ్లిపోయాడు. కృతజ్ఞత చెప్పడానికి గుడికి వెళ్లినప్పుడు పాస్టరుగారు చెప్పారు: రత్నం సిఫారసు అడిగింది ఇద్దరికట. ముందు నా పేరే చెప్పాడట.

ద్రోహం చేసిందెవరు? దేవుని కోసం జీతంలో దశమ భాగం తీసి పెట్టేటప్పుడల్లా నా చెయ్యి ఆగిపోతుంది. పదో వంతు ఆయనకిచ్చి, మిగిలిన నన్ను ఎక్కడ దాచుకున్నాను?

వాడికింకా చెప్పలేదు. సాటి విశ్వాసివని నీకు చెప్పాను, ఈ పూట గుండెకు కాస్త ఊపిరాడుతోంది. క్షమాపణ కోసం అడగడం లేదు. నేను వెళ్లి రత్నం ఇంటి గుమ్మంలో నిలబడినప్పుడు నా నోరు పెగలాలని, నాతో కలిసి ప్రార్థించు.