ఇన్సులిన్‌ను వెనక్కి లాగిన దారులు

కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటే చాలు, ఇప్పటికీ నాకు నల్లగొండ కాలేజీ కంప్యూటర్ ల్యాబు గుర్తొస్తుంది. వేడెక్కిన తీగల వాసన, వెనకాలే రాజేశ్వరి మేడం గొంతు: "ముందుగాల సేవ్ చెయ్, ఎనక గాబరా పడు!" ఫిజిక్స్ ఎమ్మెస్సీలో ఆవిడ నా గైడు. సొంతూరు కోస్గి. పాఠం కూడా ఇంట్లో మాట్లాడినట్టే చెప్పేది. ఆ యాసకు ఎవరైనా నవ్వితే ఇంకాస్త గట్టిగా చెప్పేది.

ప్రాజెక్టుగా ఆవిడ ఇచ్చిన పని విని బెదిరిపోయాను. క్లోమంలోని ఒక కణం లోపల ఇన్సులిన్ ఎలా ప్రయాణిస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపాలి. ఇన్సులిన్ చిన్న చిన్న సంచుల్లో నిండి, దారాల్లాంటి సన్నని దారుల వెంట కదులుతుంది. కణం అంచు దాటితేనే రక్తంలో కలుస్తుంది. దారులు ఎక్కువుంటే సరుకూ ఎక్కువ రావాలి కదా! నా ప్రోగ్రాం మాత్రం తలకిందులు చూపించింది. దారులు తీసేస్తేనే ఇన్సులిన్ ఎక్కువ బయటపడుతోంది. ఎన్నిసార్లు నడిపినా అదే మొండితనం. వైవా చూస్తే నెత్తిమీదికి వచ్చింది.

"మేడం, లెక్కల ఒక్క గుర్తు మారిస్తే సక్కగైతది," అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

"తప్పు దొరికిందా?"

"లేదు మేడం."

"దొరకనిదాన్ని ఎట్ల దిద్దుతవ్? జర గా సంచుల ఎంబడి పో. యాడికి పోతున్నయో చూడు."

ఒక్కో సంచినీ తెరమీద వెంబడించాను. అంచుదాకా వెళ్లిన సంచి అక్కడ నిలవడం లేదు, దారే దాన్ని మళ్లీ లోపలికి లాక్కుపోతోంది! దారి లేనప్పుడు అంచున ఉన్నవి అక్కడే ఉండి బయటపడుతున్నాయి. ల్యాబు అదిరేలా కేక పెట్టాను.

వైవాకు పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన నవ్వాడు. "బస్సులు బందు చేస్తే జనం జల్ది ఊరు చేరుతరా అమ్మా?"

మేడం ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు ఒళ్లు మండింది. "దిగినోళ్లను మళ్ల ఎక్కించుకొని ఎనకకు తీస్కపోయే బస్సులైతే, బందు చేస్తేనే చేరుతరు సార్!"

"మాటలు బాగున్నయి. నిజమైన కణం ఒప్పుకోవాలె గదా," అని ఆయన నా పరీక్ష ఫలితం ఆపేశాడు.

మేడం నా లెక్కను హైదరాబాదులో ఒక జీవశాస్త్ర ల్యాబుకు పంపింది. వాళ్లు బతికున్న కణాల్లో ఆ దారులను మందుతో కరిగించి చూశారు. స్టాఫ్‌రూములో ఫోను మోగగానే మేడం స్పీకరు పెట్టింది. "ఇన్సులిన్ ఎక్కువే వచ్చింది మేడం! ఈ మోడల్ ఎవరిది?"

"నన్నెందుకు అడుగుతరు? ఇగో, చేసిన పిల్ల ఈడనే ఉన్నది," అంటూ ఫోను నా చేతిలో పెట్టింది. ఆ ఆనందం ఏమని చెప్పను! ఆ కబురు పెద్దాయనకు చేరాక ఆపిన ఫలితం వచ్చింది, మొదటి శ్రేణిలో. షుగరు మీద పనిచేసి మిఠాయి పంచితే బాగుండదని మేడం మిర్చి బజ్జీలు తెప్పించింది.

బజ్జీ తింటూనే నిలదీశాను, వైవాలో నా తరఫున ఎందుకు మాట్లాడలేదని.

"నేను మాట్లాడితే అది నా లెక్కయితుండె. నీ లెక్కకు నువ్వే కొట్లాడాలె బిడ్డా."

ఇప్పుడు నేనూ గైడునే. నా విద్యార్థులు వైవాలో కొట్లాడుతుంటే నోటిదాకా వచ్చిన మాటను పళ్ల బిగువున ఆపుకుంటాను. వాళ్లు గెలిచి బయటికొచ్చాక మాత్రం, వరండాలో అందరికంటే గట్టిగా అరిచేది నేనే.