తీపులకు మాస్టారు రాసుకున్న అర్థం

మా సూదుల మాస్టారు పోయారని మొన్న మంగళవారం గాజువాకలో షేర్ ఆటో దిగుతుంటే తెలిసింది. ఆయన వైద్యం చేసే గది పక్కన టీ కాచే ఆవిడ చెప్పింది. నేను ఇంటికెళ్ళేసరికి అమ్మ చేపల గంప ఎత్తుకోబోతోంది. సంగతి విని గంప దించేసింది. ఆ రోజు ఇక బేరానికి వెళ్ళలేదు.

ఆయన ఈ ఊరివారు కాదు. కేరళ నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయి, ఆక్యుపంక్చర్ కోర్సు చదివి సూదుల వైద్యం మొదలుపెట్టారు. తెలుగు తోటి పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. అందుకే మలయాళం యాసలో "ఏటమ్మా, ఎలాగున్నావ్" అనేవారు. నాకు నవ్వు ఆగేది కాదు.

నాలుగేళ్ళ కిందట అమ్మను నేనే తీసుకెళ్ళాను. వీధులెంట గంప మోసి మోసి కాళ్ళు మొరాయించాయి. మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. గంప దించేసి ఇంట్లో కూర్చుంటే అమ్మ అమ్మలా ఉండదు, అదీ నా భయం.

"ఏటమ్మా బాధ?" అన్నారు మాస్టారు.

"కాళ్ళు తీపులు బాబూ."

ఆయన తలూపి, నోటుబుక్కులో ఏదో రాసుకుని, షుగరు పరీక్ష చేయించుకు రమ్మన్నారు. రిపోర్టులో షుగరు లేదు. అమ్మకు కోపం వచ్చింది. "తీపులంటే పంచదార కాదు బాబూ. లోపల్నుంచి ఎవులో లాగతన్నట్టుంటాది." ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు నవ్వి, మళ్ళీ నోటుబుక్కు తెరిచారు.

సూదుల కన్నా ఆ నోటుబుక్కే నాకు వింత. సలుపు, పోటు, పీకుడు, తిమ్మిరి అని తెలుగులో రాసి, ఒక్కోదానికీ ఎదురుగా మలయాళంలో అర్థం. "నొప్పని అందరూ అంటారు. నీది ఎలాటిదో సెప్పు" అని వచ్చినవాళ్ళందరినీ అడిగేవారు. అమ్మను అలా అడిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు, నాతో సహా.

వెంట్రుకంత సన్నటి కొత్త సూదులు మోకాలి కింద, పాదం మీద గుచ్చేవారు. మొదటిరోజు అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఎప్పుడు గుచ్చుతారు బాబూ?"

"అయిదు అయిపోయాయమ్మా."

తర్వాత అరగంట కదలకుండా పడుకోవాలి. మూడో వారానికి అక్కడే గురకపెట్టేసింది. ఇంటిదగ్గరా నిద్ర పట్టసాగింది. తీపులు పూర్తిగా పోలేదు గానీ తగ్గాయి. సగం గంపతో మళ్ళీ వీధిలోకి వెళ్ళింది.

నేను ఊరుకోను కదా, "ఇది నిజంగా సూదుల మహిమేనా మాస్టారూ?" అని అడిగాను.

ఆయన నొచ్చుకోలేదు. "సూది ఎంత సేసిందో, పడక ఎంత సేసిందో నాకూ తెలీదమ్మా. మీ యమ్మ ఇంతకుముందు పగటేల ఎప్పుడైనా పడుకుందా?"

డాక్టరు మాత్రలు మానమని గానీ, జబ్బు నయం చేసేస్తానని గానీ ఆయన ఎవరికీ చెప్పలేదు. అందుకే నాకాయన మీద గురి కుదిరింది.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన భార్య నోటుబుక్కు తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు. అమ్మకు చదువు రాదు, 'తీపులు' ఉన్న పేజీ నేనే వెతికాను. ఎదురుగా మలయాళంలో ఒక మాట కొట్టేసి, కింద వేరే వాక్యం రాసుంది. ఏమిటని ఆమెను అడిగాను.

"ముందు 'తీపి' అని రాసి కొట్టేశారు. కింద, 'లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు. చేపలమ్మ నేర్పింది' అని ఉంది."

తిరిగొస్తూ ఆటోలో అమ్మను ఆయన అడిగినట్టే అడిగాను, "ఎలాగుందమ్మా?"

"తీపులే" అంది. చెయ్యి గుండె మీద ఉంది.